ప్రభుత్వానికి హద్దులు, మనిషికి స్వేచ్ఛ: ఒంగోలు, నెల్లూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు, కావలి, కందుకూరు, కలిగిరి... ఎక్కడ పదిమంది కూర్చుని అధికారం గురించి మాట్లాడుకున్నా చివరికి ఇవే సందేహాలు వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అధికారం ఎవరి చేతిలో ఉన్నా దానికి ఒక గీత ఉండాలి. ఆ గీత దాటితే నిలదీయడానికి మామూలు మనిషికి దారి ఉండాలి.

## మొదట్లోనే వచ్చే సందేహాలు

ప్రభుత్వానికి హద్దులు అంటున్నారు, అంటే అసలు ప్రభుత్వమే వద్దా?

కావాలి. పోలీసు కావాలి, కోర్టు కావాలి, సోమశిల నుంచి కాలువకు నీళ్లు వదిలేవాళ్లు కావాలి, తుపాను వస్తే తీరంలో జనాన్ని ముందే ఖాళీ చేయించేవాళ్లు కావాలి. ఆ పని నియమం ప్రకారం జరుగుతోందా, ఎవరో ఒకరి ఇష్టం ప్రకారం జరుగుతోందా అన్నదే ఇక్కడ చూడాల్సింది. వంతు ప్రకారం నీళ్లొస్తే రైతు తన పని తాను చూసుకుంటాడు. ఫలానా నాయకుడి మనిషి ఫోన్ చేస్తేనే షట్టరు లేచేట్టయితే, ఆ రైతు ఎన్నికల్లో నోరు విప్పలేడు, మీటింగులకు పిలిస్తే రానని అనలేడు.

నాయకుడు మంచివాడైతే చాలు కదా, ఈ హద్దులన్నీ ఎందుకు?

దీనికి జవాబు మన జిల్లా మనిషి జీవితంలోనే ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారిని మించిన నిస్వార్థపరుడిని మన రాజకీయాల్లో వెతకడం కష్టం. బారిస్టరుగా బాగా గడించి, అదంతా ఉద్యమానికి ధారపోసి, చివరి రోజుల్లో చేతిలో డబ్బు లేక ఇబ్బందిపడ్డారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో తుపాకీకి గుండె చూపించారు. అంతటి మనిషి ప్రభుత్వం 1954 నవంబరులో ఆంధ్ర శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆయన దిగిపోయారు. మంచివాళ్లకు కూడా ఇదే నియమం వర్తించాలి.

మంచివాడికని ఇచ్చిన అధికారం ఆయనతోపాటు ఇంటికి పోదు, కుర్చీలోనే ఉండిపోతుంది. తర్వాత కూర్చునేవాడు దాన్నే వాడతాడు. పైగా నాయకుడు ఎంత నిజాయితీపరుడైనా ఆయన చుట్టూ పీఏ ఉంటాడు, బావమరిది ఉంటాడు, ఎన్నికలకు డబ్బు పెట్టిన కాంట్రాక్టరు ఉంటాడు. సంతకానికి విలువ పెరిగేకొద్దీ వీళ్ల గిరాకీ పెరుగుతుంది. ఇంగ్లండులో చరిత్రకారుడు లార్డ్ యాక్టన్ 1887లో, తర్వాత బిషప్పు అయిన ఒక మతాచార్యుడికి రాసిన ఉత్తరంలో, అధికారం మనిషిని చెడగొట్టే వైపు లాగుతుందని, అడ్డులేని అధికారం పూర్తిగా చెడగొడుతుందని అన్నాడు. పోపులనూ రాజులనూ మామూలు మనుషులకంటే మెత్తగా తూచకూడదన్నది ఆ ఉత్తరంలో ఆయన వాదన. మన ఊళ్లో ‘పెద్దాయన కదా, పోనీలే’ అనే ప్రతిచోటా ఆ మాట గుర్తుకు రావాలి.

ఇదంతా డబ్బున్నోళ్ల వాదన కదా? పేదోడికి ప్రభుత్వం ఎంత పెద్దదైతే అంత మేలు కదా?

తహసీల్దార్ ఆఫీసు దగ్గర ఒక పూట నిలబడి చూడండి. డబ్బున్నవాడు క్యూలో ఉండడు. ఆయన ఫైలు ఫోన్ మీద నడుస్తుంది. పాస్‌బుక్‌లో పేరు తప్పు పడిన ముసలమ్మ మాత్రం నాలుగు చోట్లకు తిరుగుతుంది, ప్రతిచోటా ‘రేపు రామ్మా’ అంటారు. అధికారి ఇష్టానికి ఎంత వదిలేస్తే అంత నష్టం పలుకుబడి లేనివాడికే. నియమం స్పష్టంగా ఉండి, ఇన్ని రోజుల్లో చేయాలని గడువు ఉంటే ఆ ముసలమ్మకు, కాంట్రాక్టరుకు ఒకే లైను. పేదవాడికి బడి, ఆసుపత్రి, రేషను కావాలి, నేను కాదనను. అవి హక్కుగా అందాలి, ఎవరి మెహర్బానీగానో అందకూడదు.

ఈ ఆలోచనలు బయటి దేశాలవి కావా? మనవాళ్లెవరైనా ఇలా మాట్లాడారా?

మాట్లాడటమే కాదు, పార్టీయే పెట్టారు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం ఉమ్మడి సహకార వ్యవసాయం తేవాలని తీర్మానించింది. గట్టు చెరిపి పొలాలన్నీ కలిపేస్తే రైతు తన పొలంలోనే కూలీ అయిపోతాడని ఎదురుతిరిగినవారు నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా. అదే ఏడాది రాజాజీ వగైరాలతో కలిసి స్వతంత్ర పార్టీ పుట్టింది, రంగా దానికి మొదటి అధ్యక్షుడు. ప్రతి పనికీ ప్రభుత్వం దగ్గర పర్మిట్టు, లైసెన్సు తెచ్చుకోవాల్సిన పాలనకు ‘పర్మిట్ లైసెన్స్ రాజ్’ అని పేరుపెట్టి రాజాజీ దేశమంతా తిరిగారు. ఆ పార్టీకి లోక్‌సభలో 1962లో 18 సీట్లు, 1967లో 44 సీట్లు వచ్చాయి, తర్వాత కనుమరుగైంది. రంగాగారు కూడా తిరిగి కాంగ్రెస్‌లోకి వెళ్లారు. ఆ పార్టీలో రాజులు, జమీందార్లు చేరడం వల్ల రైతుల్లో అనుమానం వచ్చిందని చెప్పుకోవాలి, ఆ అనుమానం న్యాయమైనదే. జమీందారు పెత్తనం కూడా హద్దులేని అధికారమే. 1930లలో వెంకటగిరి జమీందారీ రైతులు పోరాడింది దాని మీదే.

## రాజ్యాంగం దగ్గర ఆగే ప్రశ్నలు

ప్రాథమిక హక్కులు రాజ్యాంగంలోనే ఉన్నాయిగా, ఇంక టెన్షన్ ఎందుకు?

1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టినప్పుడు కూడా అవి రాజ్యాంగంలో ఉన్నాయి. వేలమందిని విచారణ లేకుండా జైల్లో వేశారు. ‘మా మనిషిని ఎందుకు పట్టుకున్నారో చెప్పండి’ అని హైకోర్టులకు వెళ్తే చాలా కోర్టులు వినడానికి ఒప్పుకున్నాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు మాత్రం, ఎమర్జెన్సీలో ఆ ప్రశ్న అడిగే హక్కే లేదని తీర్పిచ్చింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు అటు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఇటు. తర్వాత ప్రధాన న్యాయమూర్తి కావలసిన ఆయనను పక్కనపెట్టి జూనియర్‌ను ఎంపిక చేశారు. ఆయన రాజీనామా చేశారు.

ఆ దెబ్బ తిన్నాకే 1978లో 44వ సవరణ వచ్చింది. ఎమర్జెన్సీ పెట్టినా ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛలకు సంబంధించిన 21వ అధికరణను ఆపడానికి వీల్లేదని రాశారు. ‘అంతర్గత కల్లోలం’ అనే సాగదీయగల మాట తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టారు. 2017లో ప్రైవసీ హక్కు తీర్పులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 1976 నాటి తీర్పు తప్పని కొట్టేసింది. తప్పు దిద్దుకోవడానికి 41 ఏళ్లు పట్టింది.

జనమే ఓటేసి భారీ మెజారిటీ ఇచ్చారు, ఇంక వాళ్లేం చేసినా తప్పేంటి?

మెజారిటీ పాలించడానికి ఇచ్చేది. ఓడిపోయినవాడి హక్కులు కూడా రాసివ్వమని ఎవరూ ఓటేయలేదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు కూర్చుని 7–6 తేడాతో చెప్పింది ఇదే: పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించుకోవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గి ఉంటే మూడింట రెండొంతుల బలం ఉన్నవాళ్లకు ఈ దేశంలో అడ్డే ఉండేది కాదు.

నా పొలం నాది. ప్రభుత్వం వచ్చి కావాలంటే ఇచ్చేయాల్సిందేనా?

మొదట్లో ఆస్తి ప్రాథమిక హక్కు. 44వ సవరణ దాన్ని ఆ జాబితా నుంచి తీసేసి 300ఎ అధికరణగా పెట్టింది. అంటే చట్టం ఉంటే తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదు. 2024 మేలో సుప్రీంకోర్టు దీన్ని విడమరచి చెప్పింది: నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయం చెప్పాలి, అది ప్రజాప్రయోజనం కోసమే అయి ఉండాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, పనిని సకాలంలో నడపాలి, చివరిదాకా పూర్తిచేయాలి.

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోపు అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. పోర్టులు, పరిశ్రమల పేరుతో తీరంలో భూములు అడుగుతున్న ఊళ్లలో చాలామంది ధర్నాకు వస్తారు గానీ ఆ కాగితం మాత్రం ఇవ్వరు. ధర్నా ఫొటో కోర్టులో నిలబడదు, తేదీతో రసీదు ఉన్న అభ్యంతరం నిలబడుతుంది. ప్రైవేటు కంపెనీ కోసం తీసుకుంటే 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలని ఆ చట్టం చెబుతుంది. రాష్ట్రాలు తర్వాత సవరణలతో కొన్ని ప్రాజెక్టులకు మినహాయింపులు తెచ్చుకున్నాయి కాబట్టి మీకొచ్చిన నోటీసు ఏ సెక్షన్ కింద ఉందో ముందు చూసుకోండి.

## మన పొలం దాకా వచ్చాక

చుక్కల భూములంటే ఏంటి? దానికీ స్వేచ్ఛకూ ఏం సంబంధం?

బ్రిటిష్ కాలంలో సర్వే చేసి సెటిల్మెంటు రిజిస్టరు రాసినప్పుడు, పట్టాదారు ఎవరో తేలనిచోట ఆ గడిలో పేరు బదులు చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ రిజిస్టరునే ఆర్‌ఎస్‌ఆర్ అంటాం. తర్వాత తరాలు ఆ భూమి దున్నాయి, శిస్తు కట్టాయి, పంచుకున్నాయి, అమ్ముకున్నాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. 2016లో వీటిని రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాలోకి చేర్చేశారు.

ఆ తర్వాత ఏమైందో ఊహించుకోండి. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే కంప్యూటర్‌లో సర్వే నంబరు కొట్టి ‘ఇది 22ఎలో ఉంది, కాదు’ అంటారు. ముందు ఒక నోటీసు లేదు. భూమి చేతిలోనే ఉంది, పంట వస్తోంది, కానీ అమ్మడానికి లేదు, తాకట్టుకు పనికిరాదు. 2017లో చట్టం చేసి, పన్నెండేళ్ల అనుభవం రుజువు చేసుకుంటే సరిచేస్తామన్నారు. దాంతో రుజువు బాధ్యత రైతు మీద పడింది: పాత అడంగళ్లు, శిస్తు రసీదులు, తాతల నాటి దస్తావేజులు పట్టుకుని కలెక్టరేట్ చుట్టూ తిరగడం. 2023 మేలో కావలి సభలో ఈ భూములను పెద్ద ఎత్తున జాబితా నుంచి తీసేస్తున్నట్టు అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు.

ఒక పాలనలో కలం పెట్టింది, ఇంకో పాలనలో కలం తీసేసింది. రెండుసార్లూ రైతు సంతకం ఎక్కడా లేదు. నా భూమి హోదా ఎవరో ఒకరి ఆర్డరుతో మారిపోగలిగినప్పుడు, అది ఈరోజు నాకు అనుకూలంగా మారినా, నేను ఇంకా దయ మీదే ఉన్నాను. జాబితాలో చేర్చేముందు నోటీసు ఇవ్వాలి, విన్నాకే చేర్చాలి. ఇది ఏ పార్టీ ప్రభుత్వాన్నైనా అడగాల్సిన విషయం.

పొగాకుకు బ్యారన్ లైసెన్సు ఎందుకు? ఏం పండించాలో రైతు ఇష్టం కాదా?

1975 పొగాకు బోర్డు చట్టం ప్రకారం రిజిస్టరు చేసుకోకుండా వర్జీనియా పొగాకు వేయకూడదు, లైసెన్సు లేని బ్యారన్‌లో, అంటే పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే కొట్టులో, కాల్చకూడదు, వేలం కేంద్రం బయట అమ్మకూడదు. ఏటా ఎంత పండించాలో బోర్డు నిర్ణయించి బ్యారన్‌కు ఇన్ని కిలోలని కోటా ఇస్తుంది. అదనంగా పండితే అమ్మేటప్పుడు అపరాధ రుసుము.

ఇది పుట్టడానికి కారణం ఉంది. వేలం రాకముందు ధర కంపెనీ బయ్యరు నోట్లో ఉండేది, డబ్బు ఎప్పుడిస్తాడో తెలిసేది కాదు. 80లలో వేలం కేంద్రాలు వచ్చాక తూకం, ధర, చెల్లింపు కళ్లముందు జరుగుతున్నాయి. బహిరంగ వేలం నడపడం ప్రభుత్వం చేయదగ్గ పనే అని నా నమ్మకం. కోటా, లైసెన్సు సంగతి వేరు. కొత్త లైసెన్సులు దొరకనిచోట లైసెన్సుకే ఒక ధర పుడుతుంది. కొండపి, టంగుటూరు వైపు బ్యారన్ కౌలు అంటే ఇటుకలకూ గొట్టాలకూ ఇచ్చే అద్దె మాత్రమే కాదు, ఆ కాగితానికి కూడా ఇస్తున్నాం. చెమట కౌలుదారుది, కాగితం ఇంకొకరిది.

పోనీ కోటా రైతును కాపాడిందా అంటే, 2015లో ధరలు పడిపోయి, వేలంలో ఎవరూ పాడక ‘నోబిడ్’ అయిన బేళ్లు వెనక్కి తెచ్చుకుని, ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఎదురు వాదన కూడా చెప్పాలి: బోర్డు పరిధిలో లేని నల్లబర్లీ రకం పొగాకు ధర 2025లో కుప్పకూలింది. కంపెనీలు ప్రోత్సహించి వేయించి, కొనే సమయానికి మొహం చాటేశాయి. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. అక్కడ లోపించింది లైసెన్సు అని నేననుకోను. కొంటామన్నవాడిని మాటకు కట్టిపడేసే రాతపూర్వక ఒప్పందం, అది తప్పితే త్వరగా తీర్పిచ్చే కోర్టు లేవు. ప్రభుత్వం బలంగా ఉండాల్సింది అక్కడ.

దూబగుంట ఆడవాళ్లు ప్రభుత్వమే సారా ఆపాలన్నారు కదా? అది మీరు చెప్పేదానికి వ్యతిరేకం కదా?

ఆ పోరాటం ఎవరి మీదో చూడండి. 90ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంటలో రోసమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. ఆ సారాను వేలం పాటలు పెట్టి అమ్మించింది ప్రభుత్వమే. పాట పాడుకున్న కాంట్రాక్టరు వెనుక ఎక్సైజు, పోలీసు నిలబడేవాళ్లు. మొగుడి కూలి డబ్బు ప్యాకెట్టులోకి, ప్యాకెట్టు నుంచి ఖజానాలోకి పోయేది. నెల్లూరు ఆడవాళ్లు ప్రతిఘటించింది తమ ఇల్లు కూల్చి ఆదాయం చేసుకుంటున్న అధికారాన్ని. 1993లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, ఆదాయం పోయిందని, దొంగ సరుకు ఆగడం లేదని 1997లో సడలించారు. 2019లో దుకాణాలే ప్రభుత్వం నడిపింది, 2024లో మళ్లీ ప్రైవేటుకు ఇచ్చింది. అమ్మేది తానే, తనిఖీ చేసేది తానే అయినప్పుడు ఫిర్యాదు ఎవరికి చేయాలి? ఖజానా ఒక వ్యసనం మీద ఆధారపడిన నాటి నుంచి ఆ వ్యసనాన్ని తగ్గించాలన్న కోరిక ప్రభుత్వానికి నిజంగా ఉండదు.

పథకాలు తీసుకుంటూ ప్రభుత్వాన్ని విమర్శించొచ్చా?

నిస్సంకోచంగా. అది పన్నుల డబ్బు, అగ్గిపెట్టె కొన్నవాడూ కట్టాడు. అర్హుల జాబితా గ్రామ సచివాలయం గోడమీద ఉండాలి, పేరు తీసేస్తే కారణం రాసివ్వాలి. ‘మా మీటింగుకు రాకపోతే పెన్షన్ పోతుంది’ అని ఎవరైనా అంటే దాన్ని బెదిరింపుగానే చూడాలి.

## ఆఫీసు మెట్లెక్కేటప్పుడు

ఆర్టీఐ వేయడం నిజంగా పనికొస్తుందా?

వస్తుంది, ప్రశ్న సరిగ్గా అడిగితే. ‘మా ఊళ్లో అవినీతి ఎందుకు జరుగుతోంది’ అని అడిగితే జవాబు రాదు. ‘ఫలానా సిమెంటు రోడ్డు అంచనా కాగితం, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు, బిల్లు నకలు ఇవ్వండి’ అని అడిగితే ఇవ్వక తప్పదు. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటల్లో. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబు రాకపోతే 30 రోజుల్లో అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు. ఊళ్లో ఒక్కరే వేస్తే ఒత్తిడి వస్తుంది. నలుగురు వేర్వేరుగా వేయండి.

స్టేషన్‌కు రమ్మని ఫోన్ చేస్తే వెళ్లాల్సిందేనా?

రాతపూర్వక నోటీసు ఇవ్వమని మర్యాదగా అడగండి. అరెస్టు అవసరం లేని కేసుల్లో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3) సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. నోటీసు సక్రమంగా వస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి, వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. సాక్షిగా విచారించాలంటే మహిళలను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటిన మగవాళ్లను స్టేషన్‌కు రప్పించకూడదు, ఇంటికే రావాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.

లంచం ఇస్తే నేను కూడా దోషినేనా?

2018 సవరణ తర్వాత ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెబితే రక్షణ ఉంది. ఇవ్వకముందే ఏసీబీ 1064కు ఫోన్ చేయడం అన్నిటికంటే మేలు.

## ఓటు, పార్టీ, ఊరు

ఇప్పుడు మనోళ్లే గెలిచారు కదా, ఇంకా ఎందుకు ప్రశ్నించడం?

ఈ ప్రశ్న నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే మంచి మనుషులే అడుగుతారు. ల్యాండ్ టైట్లింగ్ చట్టం గుర్తు చేసుకోండి. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. భూమి హక్కు తేల్చే అధికారం సివిల్ కోర్టు చేతి నుంచి అధికారుల చేతికి పోతుందని లాయర్లు కోర్టులు బహిష్కరించారు, 2024 ఎన్నికల్లో అదే పెద్ద చర్చ, కొత్త ప్రభుత్వం రాగానే రద్దు చేసింది. ఆ చట్టాన్ని అప్పుడు సమర్థించినవాళ్లను, అదే అధికారం ఇప్పటివాళ్ల చేతిలో ఉంటే ఒప్పుకుంటారా అని అడిగి చూడండి. ఒప్పుకోరు. మనవాళ్లు కొత్త అధికారం కోరినప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అదే: మనకు అసలు పడని నాయకుడి చేతిలో ఇది ఉంటే రాత్రి నిద్రపడుతుందా?

అధికారం పంచాయతీకే ఇచ్చేస్తే ఊరి పెద్దలు చెడిపోరా?

చెడిపోతారు, చెడిపోయినవాళ్లను చూశాం. రిజర్వేషన్‌తో గెలిచిన దళిత సర్పంచిని కుర్చీలో కూర్చోనివ్వని ఊళ్లు, భార్య సర్పంచి అయితే భర్త సంతకాలు పెట్టే ఊళ్లు మనకు కొత్తేమీ కాదు. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉన్నా, పైనుంచి వచ్చే నిధులు, బిల్లుల మంజూరు ఇప్పటికీ రాజధాని కనుసన్నల్లోనే ఉన్నాయి. అయినా ఊరి అధికారమే మేలంటాను. అక్కడ తప్పు చేసినవాడు రోజూ కనబడతాడు, వేసిన రోడ్డు మనం నడిచేదే, కనుక లెక్క సరిచూడటం సులువు. ఈ-గ్రామస్వరాజ్ సైటులో మీ పంచాయతీ పేరు కొడితే ఏ పనికి ఎంత ఖర్చు రాశారో కనిపిస్తుంది. ఆ పేజీ ప్రింటు తీసుకుని గ్రామసభకు వెళ్లండి. మీరు అడిగిన ప్రశ్న మినిట్స్ పుస్తకంలో రాసేదాకా అక్కడి నుంచి లేవకండి.